పంటి మీద హార్మోను ముద్ర ఉందా?

ఒకసారి అద్దం ముందు నిలబడి మీ కింది దవడను పరిశీలించండి. ముందు వరసలో నాలుగు కుంతకాలు, వాటికి అటూ ఇటూ ఒక్కొక్క రదనిక కనిపిస్తాయి. రదనికనే మనం వాడుకలో కోరపన్ను అంటాం. మగవారిలో కింది కోరపన్ను వెడల్పు సగటున 7 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆడవారిలో అది సుమారు 0.4 మిల్లీమీటరు తక్కువ. బియ్యపు గింజ మందంలో నాలుగో వంతు ఉంటుందేమో ఈ తేడా! అయినా మనిషి నోట్లోని పళ్ళన్నింటిలోకీ స్త్రీ పురుష భేదం ఎక్కువగా బయటపడేది ఈ పంటిలోనే.

ఈ తేడా ఎలా వచ్చిందని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: "హార్మోన్ల వల్ల". మగపిల్లలకు గడ్డం రావడానికి, గొంతు మారడానికి, భుజాలు వెడల్పు కావడానికి హార్మోన్లు కారణమైనప్పుడు పళ్ళకు మాత్రం ఎందుకు కాకూడదు? వినడానికి సబబుగానే ఉంది. పైగా ఈ జవాబును బలపరిచే పరిశోధన ఒకటి 1999లో వెలువడి బాగా పేరు తెచ్చుకుంది. గర్భంలో మగశిశువుతో కవలగా పెరిగిన ఆడశిశువుకు అతని హార్మోను సోకి పళ్ళు కాస్త పెద్దవవుతాయన్నది దాని సారాంశం. ఈ మాట ఎంతవరకు నిలుస్తుంది? పుట్టకముందూ పుట్టిన తర్వాతా పళ్ళ మీద హార్మోన్లకు నిజంగా ఉన్న అధికారం ఎంత? ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చూద్దాం.

పన్ను ఒక దస్తావేజు

ముందుగా పన్ను ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి. పిండం వయసు ఆరు వారాలు ఉండగానే దవడ ఏర్పడే చోట కణాలు ఒక పట్టీలా మందమవుతాయి. ఆ పట్టీ నుంచి మొగ్గలు తొడుగుతాయి. ప్రతి మొగ్గా మొదట టోపీ ఆకారానికి, తర్వాత గంట ఆకారానికి మారుతుంది. ఆ గంట లోపలి పొర మడతలు పడే తీరును బట్టే రాబోయే పంటి ఆకారం, పరిమాణం చాలావరకు స్థిరపడతాయి. నాలుగో నెలలో పాలపళ్ళ మొగ్గల మీద కాల్షియం లవణాలు పేరుకోవడం మొదలవుతుంది. బిడ్డ పుట్టేనాటికి ఇరవై పాలపళ్ళూ చిగుళ్ళ కింద ఏదో ఒక దశలో తయారవుతూ ఉంటాయి. మొదటి శాశ్వత చర్వణకం కూడా దాదాపు అప్పుడే గట్టిపడటం ప్రారంభిస్తుంది.

పంటికి పైపూతలా ఉండే ఎనామిల్‌ను తయారుచేసే కణాలు, పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చేసరికి నశిస్తాయి. ఎముక అలా కాదు. అది జీవితాంతం కొంత కరుగుతూ, తిరిగి కట్టుకుంటూ ఉంటుంది. ఎనామిల్‌లో ఒకసారి నమోదైన దాన్ని శరీరం చెరపలేదు, కొత్తగా చేర్చలేదు. పాలపన్నును పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, పుట్టకముందు తయారైన ఎనామిల్‌కూ పుట్టిన తర్వాత తయారైన దానికీ మధ్య ఒక గీత స్పష్టంగా కనిపిస్తుంది. దీన్ని నవజాత రేఖ అంటారు. ఐజాక్ షూర్ 1936లో దీన్ని వివరంగా వర్ణించాడు. పుట్టుక అనే కుదుపు పంటిలో అలా రాసి ఉంటుందన్నమాట!

గర్భంలో జరిగిన సంగతులు తెలుసుకోవాలనుకునే శాస్త్రజ్ఞులకు పన్ను దస్తావేజులా పనికొస్తుంది. కాని దస్తావేజు అసలైనదైనంత మాత్రాన దాన్ని చదివినవారు చెప్పే అర్థం సరైనదైపోదు. బిడ్డకు పై పళ్ళు ముందు వస్తే మేనమామకు గండమని మన ఊళ్ళలో చెప్పినవారు కూడా పళ్ళనే చదివారు!

కవల సోదరి పళ్ళు

ఇప్పుడు ఆ పేరుపొందిన పరిశోధన దగ్గరికి వద్దాం. ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్ విశ్వవిద్యాలయంలో దంత శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళుగా కవలల పళ్ళ అచ్చులు సేకరిస్తున్నారు. డెంప్సీ, టౌన్‌సెండ్, రిచర్డ్స్ అనే ముగ్గురు 1999లో ఆ అచ్చుల కొలతలను ప్రకటించారు. తోడుగా సోదరుడు పుట్టిన ఆడపిల్లల పళ్ళు, తోడుగా సోదరి పుట్టిన ఆడపిల్లల పళ్ళకన్నా సగటున కొంచెం పెద్దవిగా ఉన్నాయి. 2013లో రిబేరో, ఆమె సహచరులు ఇదే పద్ధతిలో కొలిచి ఇలాంటి ఫలితాన్నే ప్రకటించారు. సోదరుడి వృషణాల నుంచి వెలువడిన టెస్టోస్టిరాన్ గర్భంలోనే సోదరిని చేరి ఉంటుందని వారి వివరణ.

ఈ పరిశోధనలో మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది. కవల సోదరుడి ప్రభావాన్ని ఆడపిల్లల నడవడిలోనో, ఆటల్లోనో, తెలివితేటల్లోనో వెతికితే పెద్ద చిక్కు వస్తుంది. సోదరుడితో కలిసి పెరగడం వల్ల అబ్బిన అలవాటేదో, గర్భంలో సోకిన హార్మోను ఫలితమేదో విడదీయలేం. పంటికి ఆ చిక్కు లేదు. అన్నదమ్ముల మధ్య పెరిగినంత మాత్రాన ఏ అమ్మాయి పళ్ళూ వెడల్పు కావు. పరీక్షకు పన్నును ఎంచుకోవడం తెలివైన పని.

అయితే ఈ పరిశోధనలో కొలిచిందేమిటో, ఊహించిందేమిటో మీరు వేరువేరుగా రాసుకోండి. కొలిచింది పళ్ళ అచ్చులను. ఏ శిశువు రక్తంలోనూ, ఏ తల్లి ఉమ్మనీటిలోనూ టెస్టోస్టిరాన్‌ను కొలవలేదు. పళ్ళు కాస్త పెద్దవన్నది ఫలితం. హార్మోను కారణమన్నది ఆ ఫలితానికి ఇచ్చిన వివరణ. పత్రికల్లోకి, ప్రసంగాల్లోకి ఎక్కేటప్పుడు ఈ రెండూ కలిసిపోయి ఒకే మాటలా వినిపిస్తాయి. పైగా రెండు పరిశోధనలూ ఆడిలైడ్ నుంచే వచ్చాయి. మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన ఉండే తేడాల విషయంలో వేరే ఊళ్ళో, వేరే చేతులు, వేరే కవలలను కొలిచి చూడటం తప్పనిసరి.

హార్మోను ఏ దారిన వెళ్ళింది?

మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. పాడి పశువులున్న ఇళ్ళలో పెద్దలను అడిగి చూడండి. ఆవుకు కవలలు పుట్టి ఒకటి కోడెదూడ, మరొకటి పెయ్యదూడ అయితే, ఆ పెయ్య పెద్దదయ్యాక చాలావరకు గొడ్డుదిగా మిగిలిపోతుంది. దీనికి కారణాన్ని అమెరికా జీవశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ లిల్లీ 1916లో వివరించాడు. గర్భంలో ఆ రెండు దూడల మాయల రక్తనాళాలు కలిసిపోతాయి. మగదూడ హార్మోన్లు నేరుగా ఆడదూడ రక్తంలోకి చేరి దాని అండాశయాలను ఎదగనివ్వవు. ఇక్కడ దారి కంటికి కనిపిస్తోంది. కాబట్టి వాదం బలంగా ఉంది.

మనుషుల సంగతి వేరు. ఒక ఆడ, ఒక మగ కవలలు రెండు వేరు అండాల నుంచి పుట్టినవారు. ఎవరి మాయ వారిది, ఎవరి ఉమ్మనీటి సంచి వారిది. రెండు మాయలూ పక్కపక్కన అతుక్కున్నా రక్తనాళాలు కలవడం చాలా అరుదు. కాబట్టి టెస్టోస్టిరాన్ పొరల గుండా, ఉమ్మనీటి గుండా ఊరుతూ వెళ్ళిందని అనుకోవాలి. ఇది అసాధ్యం కాదు. ఎలుక జాతిలో రెండు మగపిల్లల మధ్య ఇరుక్కుని పెరిగిన ఆడపిల్లలో కొన్ని మగ లక్షణాలు కనిపిస్తాయని 1980 ప్రాంతంలో వామ్ సాల్ వంటి శాస్త్రజ్ఞులు చూపారు కూడా. కాని ఎలుక గర్భంలో జరిగిందంతా మనిషి గర్భంలోనూ జరిగి తీరాలని నియమమేమీ లేదు. దారిని చూపనంత వరకు ఇది ఒక ఊహ మాత్రమే.

హార్మోను ఎప్పుడు పనిచేసింది?

రెండో ప్రశ్న కాలానికి సంబంధించినది. నా దృష్టిలో ఈ వాదానికి అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది.

మగపిండంలో వృషణాలు ఎనిమిది, తొమ్మిది వారాల వయసులో టెస్టోస్టిరాన్‌ను స్రవించడం మొదలుపెడతాయి. సుమారు 12 నుంచి 16 వారాల మధ్య అది గరిష్ఠ స్థాయికి చేరి, ఆరో నెల నాటికి బాగా తగ్గిపోతుంది. ఆ రోజుల్లో ఆకారం దిద్దుకుంటున్నవి పాలపళ్ళు. శాశ్వత రదనిక మొగ్గ అప్పటికి ఇంకా మొదలు కాలేదు. అది ఐదు, ఆరు నెలల పిండంలో మొలకెత్తి, బిడ్డ పుట్టిన నాలుగైదు నెలలకు గట్టిపడటం ప్రారంభిస్తుంది. ఆ పంటి కిరీటం, అంటే చిగురు పైకి కనిపించే భాగం, పూర్తయ్యేసరికి పిల్లవాడికి ఆరేడేళ్ళు వస్తాయి. బాల్యంలో ఆ కాలమంతా దాదాపుగా లైంగిక హార్మోన్లు అతి తక్కువగా ఉండే కాలం.

గర్భంలోని టెస్టోస్టిరానే పళ్ళను పెద్దవి చేస్తే, దాని గరిష్ఠ కాలంలో దిద్దుకున్న పాలపళ్ళలో ఆడ మగ తేడా ఎక్కువగా, శాశ్వత దంతాల్లో తక్కువగా ఉండాలి కదా? నిజానికి ఉన్నది అందుకు విరుద్ధం. పాలపళ్ళలో తేడా తక్కువ, శాశ్వత దంతాల్లో ఎక్కువ, శాశ్వత రదనికలో మరీ ఎక్కువ.

దీనికి ఒక సమాధానం చెప్పవచ్చు. మగశిశువు పుట్టాక మొదటి కొద్ది నెలల్లో టెస్టోస్టిరాన్ మరోసారి పెరిగి తగ్గుతుంది. ఆ రెండో కెరటం శాశ్వత దంతాల మొగ్గలను తాకి ఉండవచ్చు. మగపిల్లల పళ్ళ వరకు ఈ వాదాన్ని పరిశీలించవచ్చు. కాని అప్పటికి కవలలిద్దరూ వేరువేరు ఉయ్యాలల్లో ఉంటారు! సోదరుడి రక్తంలో పెరిగిన హార్మోను సోదరి పంటిని చేరే దారి ఏదీ లేదు. కాబట్టి ఈ సమాధానం కవల సోదరి కథకు ఉపయోగపడదు.

హార్మోను ఉన్నా వినిపించుకోని శరీరం

మూడో ప్రశ్న: హార్మోను ప్రమేయం లేకుండా పళ్ళు పెద్దవయ్యే ఉదాహరణ ఉందా? ఉంది. ఫిన్లండ్ శాస్త్రజ్ఞుడు లాస్సీ అల్వెసాలో దశాబ్దాల పాటు క్రోమోజోముల్లో తేడాలున్నవారి పళ్ళను కొలిచాడు. ఒక వై క్రోమోజోము అదనంగా ఉన్న పురుషుల పళ్ళు మామూలు పురుషుల పళ్ళకన్నా పెద్దవని, ఒకే ఎక్స్ క్రోమోజోము ఉన్న స్త్రీల పళ్ళు మామూలు స్త్రీల పళ్ళకన్నా చిన్నవని ఆయన చూపాడు.

అన్నిటికన్నా ముఖ్యమైన సాక్ష్యాన్ని ఆయన వారెలాతో కలిసి 1980లో ప్రకటించాడు. కొందరు స్త్రీల కణాల్లో పురుషుల మాదిరిగా ఒక ఎక్స్, ఒక వై క్రోమోజోములుంటాయి. వారి శరీరంలో వృషణాలు లోపలే ఉండి టెస్టోస్టిరాన్‌ను స్రవిస్తాయి. కాని ఆ హార్మోనును అందుకోవలసిన గ్రాహకాలు కణాల్లో పనిచేయవు. ఉత్తరం వచ్చింది కాని చదివేవారు లేరన్నమాట. అందువల్ల వారు స్త్రీల శరీరంతోనే పుట్టి పెరుగుతారు. మరి వారి పళ్ళు? పురుషుల పళ్ళంత ఉన్నాయి! టెస్టోస్టిరాన్ మాట వినని శరీరంలో కూడా పన్ను పెద్దదైందంటే, ఆ పెద్దతనం వై క్రోమోజోము నుంచే వచ్చి ఉండాలి. ఈ స్థితి చాలా అరుదు కనుక కొలతకు దొరికినవారి సంఖ్య చిన్నదే. అయినా ప్రకృతి స్వయంగా చేసి చూపిన ఈ ప్రయోగం కవలల కథకన్నా సూటిగా ఉంది.

ఆ క్రోమోజోముల మీద ఏముంది? ఎనామిల్ తయారీలో ప్రధానమైన అమెలోజెనిన్ అనే ప్రోటీనుకు ఎక్స్ మీద ఒక జన్యువు, వై మీద ఒక జన్యువు ఉన్నాయి. వై మీది జన్యువు నుంచి వచ్చేది మొత్తంలో పదో వంతు మాత్రమే. అందువల్ల "ఇదుగో, పళ్ళను పెద్దవి చేసే జన్యువు దొరికింది" అని తొందరపడితే మనమూ అదే పొరపాటు చేసినవాళ్ళమవుతాం. జన్యువును చూసి తొందరపడితే ఎంత నష్టమో హైదరాబాదు నుంచి ఒక ఉదాహరణ ఉంది. నేర పరిశోధనలో రక్తపు మరక స్త్రీదో పురుషుడిదో చెప్పడానికి ఈ అమెలోజెనిన్ జన్యువులనే చూస్తారు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీకి చెందిన తంగరాజ్, రెడ్డి, లాల్జీ సింగ్ 2002లో 270 మంది భారతీయ పురుషులను పరీక్షిస్తే, ఐదుగురిలో వై మీది ఆ జన్యువు అసలు లేదు. ఈ ఒక్క పరీక్షనే నమ్ముకుంటే వారంతా స్త్రీలుగా నమోదయ్యేవారు! శ్రీలంక పురుషుల్లోనూ ఇలాంటి లోపం ఉందని 1998లోనే బయటపడింది.

పుట్టిన తర్వాత

మరి పళ్ళకూ హార్మోన్లకూ సంబంధమే లేదా? తప్పకుండా ఉంది. కాకపోతే దాన్ని వెతకవలసిన చోటు వేరు. పంటి పరిమాణాన్ని చాలావరకు జన్యువులు నిర్ణయిస్తే, పన్ను ఎప్పుడు బయటికి రావాలన్న విషయంలో హార్మోన్లు గట్టిగానే జోక్యం చేసుకుంటాయి.

థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని పిల్లల్లో పాలపళ్ళు ఆలస్యంగా వస్తాయి, ఆలస్యంగా ఊడతాయి, శాశ్వత దంతాలూ ఆలస్యమవుతాయి. పీయూష గ్రంథి నుంచి వచ్చే పెరుగుదల హార్మోను తక్కువైనా ఆలస్యం కనిపిస్తుంది. కాని ఎముకలతో పోలిస్తే పళ్ళు మొండివి. గార్న్, లూయిస్, బ్లిజార్డ్ 1965లో రకరకాల హార్మోను లోపాలున్న పిల్లలను పరీక్షించి, ఎముకల వయసు ఎంతో వెనకబడినా పళ్ళ వయసు అంతగా వెనకబడదని తేల్చారు.

పెద్దయ్యాక పెరుగుదల హార్మోను మితిమీరితే ఆక్రోమెగాలి అనే జబ్బు వస్తుంది. అందులో దవడ పెరుగుతుంది. పళ్ళ కిరీటాలు మాత్రం పెరగవు. ఫలితంగా పళ్ళ మధ్య సందులు పడతాయి. తయారైపోయిన పంటిని ఏ హార్మోనూ పెద్దది చేయలేదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. ఎనామిల్ తయారవుతున్న రోజుల్లోనైతే పరిస్థితి వేరు. రక్తంలో కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ హార్మోను అప్పుడు లోపిస్తే ఎనామిల్ మీద గుంటలు, గాడులు పడి శాశ్వతంగా ఉండిపోతాయి. హార్మోను ముద్ర అంటే ఇదీ! దీన్ని చూడటానికి కవలలూ అక్కరలేదు, సగటు లెక్కలూ అక్కరలేదు.

పన్ను రాకను త్వరపరిచే పదార్థాల గురించి చెప్పేటప్పుడు స్టాన్లీ కోహెన్‌ను మరచిపోకూడదు. అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు, ఎలుక లాలాజల గ్రంథి నుంచి తీసిన ఒక ప్రోటీనును ఇస్తే, కళ్ళు తెరుచుకోవడం, కుంతకాలు రావడం కొన్ని రోజులు ముందే జరిగాయని ఆయన గమనించాడు. ఆ ప్రోటీనును వేరుచేసి 1962లో ప్రకటించాడు. అదే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. ఆ కృషికే 1986లో రీటా లెవీ మోంటాల్చీనితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. కోహెన్ పద్ధతిని కవలల కథతో పోల్చి చూడండి. ఆయన పదార్థాన్ని చేతిలోకి తీసుకున్నాడు, ఇచ్చాడు, ఇచ్చాక ఏమైందో చూశాడు. గర్భంలోని మానవ శిశువులపై అలాంటి ప్రయోగం చేయకూడదు. చేయలేనప్పుడు మన మాటల్లోని ధీమానైనా ఆ మేరకు తగ్గించుకోవాలి.

పాఠంలో లేని సంగతి

ఈ చర్చ పరీక్షలకు ఏం పనికొస్తుందని మీకు అనిపించవచ్చు. మీ జీవశాస్త్ర పాఠంలో వినాళ గ్రంథుల పట్టిక ఒకటుంటుంది. ఎడమ పక్క గ్రంథి పేరు, మధ్యలో హార్మోను, కుడి పక్క లోపం వల్ల వచ్చే జబ్బు. మీరు దాన్ని కంఠస్థం చేస్తారు, మార్కులు వస్తాయి. ఆ పట్టికలో లేనిది కాలం. ఏ హార్మోను, ఏ వయసులో, ఏ కణాలను, ఎంతకాలం తాకుతుందో అందులో ఉండదు. "హార్మోన్ల వల్ల" అని తడుముకోకుండా చెప్పే అలవాటు అక్కడే మొదలవుతుంది.

కాలాన్ని మరచిపోతే జరిగే నష్టం పసిపిల్లలకు. మన దేశంలో సుమారు ప్రతి వెయ్యి మంది శిశువుల్లో ఒకరు థైరాయిడ్ లోపంతో పుడుతున్నారు. గర్భంలో ఉన్నంతకాలం తల్లి థైరాక్సిన్ కొంత మాయను దాటి బిడ్డకు అందుతుంది. ఇది ఊహ కాదు, కొలిచి చూసిన విషయం. అందుకే ఆ బిడ్డ పుట్టినప్పుడు చాలావరకు మామూలుగానే కనిపిస్తుంది. బొడ్డు కోసిన తర్వాత ఆ ఆసరా పోతుంది. మొదటి పాలపన్ను రావలసింది సుమారు ఆరో నెలలో. ఏడాది దాకా రాకపోయినా ఆరోగ్యంగా ఉన్న పిల్లలెందరో ఉన్నారు కనుక పన్ను ఆలస్యమైతే ఎవరూ కంగారు పడరు, పడనక్కరలేదు కూడా. కాని థైరాయిడ్ లోపమున్న బిడ్డ మెదడు అంతకాలం ఆగలేదు. మొదటి రెండు వారాల్లోనే చికిత్స మొదలుపెట్టాలని వైద్యులు చెబుతారు. పన్ను రాలేదని గమనించేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పళ్ళు ఆ తర్వాత మందుతో వస్తాయి. పోయిన తెలివితేటలు పూర్తిగా తిరిగిరావు.

బిడ్డ పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ నుంచి తీసిన కొద్ది రక్తపు చుక్కలతో ఈ లోపాన్ని కనిపెట్టవచ్చు. చికిత్స రోజుకొక చిన్న మాత్ర. అయినా ఈ పరీక్ష మన దేశంలో పుట్టే ప్రతి బిడ్డకూ అందడం లేదు. గర్భంలో సోదరుడి హార్మోను సోదరి పంటిని మిల్లీమీటరులో ఏ కొంచెమో పెంచిందా లేదా అన్నది శాస్త్రజ్ఞులు తీరిగ్గా తేల్చుకోవచ్చు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఈ నెల ఒక బిడ్డ పుట్టబోతుంటే మాత్రం ఆ తల్లిదండ్రులకు ఒక్క మాట చెప్పండి: ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోగా థైరాయిడ్ పరీక్ష చేశారా అని అడగమనండి.